లాభం, రెండు

మావాడికి తీతు అని పేరు పెట్టింది వాళ్ళమ్మ.
కడుపుతో ఉండగా చర్చిలో చెవినపడ్డ పేరట,
పొట్టిగా ఉంది, కేకేయడానికి బాగుంటుందంది.
తొమ్మిదేళ్ళు. ముందు పళ్ళ మధ్య సందు.
"స" పలకబోతే ఈల వస్తుంది.

రాత్రి కరెంటు ఉన్నా పోయినా
చాప మీద ముగ్గురం మోకాళ్ళేస్తాం.
నేను ముందు చెప్తాను, వాడు వెనకాల అంటాడు:
అబద్ధం ఆడను. ఎవరి సొమ్మూ ముట్టను.
కౌశిక గట్టు దోమల్ని చరుచుకుంటూ ఆమెన్.
పెంచడమంటే అంతే అనుకున్నాను,
గుంటలో గుప్పెడు ఉప్పేసి కొబ్బరి మొక్క పాతి
ఇక వానకి వదిలేసినట్టు.

నా పని సంగతి చెప్పాలి.
అంబాజీపేట షావుకారు దగ్గర కాయలు లెక్కపెడతాను.
చేతికి రెండు, విసురుకి నాలుగు,
ఇరవై ఐదు విసుర్లయితే నూరు.
ఒకటి అనకూడదు, లాభం అనాలి.
లాభం, రెండు, మూడు... రాగంలా సాగాలి,
తోటవాళ్ళ చెవి ఆ రాగంలో జోగాలి.
అప్పుడు పదిహేడు తర్వాత
మళ్ళీ పదిహేడు వస్తుంది.
నాలుక కింద ఉండే మడత అది, ఎవరికీ కనపడదు.
మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.
ఆయన నేర్పానని కూడా అనుకోలేదు.
ఆయనా రోజూ మోకాళ్ళేసేవాడు.

దసరా సెలవుల్లో తీతుని వెంట తీసుకెళ్ళాను.
నూరుకొక ముడి, పీచుతాడుకి వేయడం వాడి పని.
"ఒకటిని లాభం అంటావేంటి? ఎవరికి లాభం నాన్నా?"
దారంతా అడుగుతూనే ఉన్నాడు.
సైకిలు బెల్లు కొట్టి ఊరుకున్నాను.

తోట వెంకాయమ్మగారిది, నలభై చెట్లు.
ఎండన పడి వచ్చాడని వాడికి మజ్జిగిచ్చింది,
లోటా ఎత్తి తాగక్కర్లేదు, కరుచుకునే తాగు అంది.
మా నాన్నని ఆ గుమ్మంలో దోసిలి పట్టమన్నారు.
అది గుర్తొచ్చి కూడా, నేను
లాభం, రెండు, అంటూనే ఉన్నాను.
పదిహేడు.
పదిహేడు.

"సరిగా లేదు నాన్నా. పదిహేడు అయిపోయింది."

ముందు ఈల వినపడింది, తర్వాతే మాట.
మూతికి మజ్జిగ అలాగే ఉంది.
నా చేతుల్లో నాలుగు కాయలున్నాయి కాబట్టి గానీ
లేకపోతే వాడి చెంప పగిలేది.
గుమాస్తా నన్ను చూశాడు. ఆవిడ మాత్రం వాణ్ణి చూసింది.
ఎండకి కళ్ళు తిరిగాయండి, అన్నాను.
అదొక అబద్ధం, అదీ వాడి ముందే.
పద్దెనిమిది, అన్నాను.

ఆ రాత్రి చాప మీద
నా నోట మొదటి ముక్క రాలేదు.
కృపావతి మోచేత్తో పొడిచింది.
పాపం, మర్చిపోయాననుకున్నాడు పిల్లాడు.
"అబద్ధం ఆడను" అని మెల్లిగా అందించాడు,
బడిలో పక్కవాడికి అందించినట్టు.
ఈసారి వాడు ముందు, నేను వెనక.

వాడు పడుకున్నాక కృపావతికి చెప్పాను.
చాలాసేపు చాప ఈనె పీకుతూ కూర్చుంది.
"దేవుడి బాటలో పెంచమని
వారం వారం చెప్తారు అయ్యగారు.
బాట మీద మనం కూడా ఉండాలని
నేననుకోలేదు," అని నవ్వింది.
నవ్వో కాదో, దీపం లేదు.

రేపట్నుంచి కుర్రాణ్ణి తేవద్దన్నాడు గుమాస్తా.
తేలేదు.
నాలుగు తోటలు సరిగ్గా లెక్కపెట్టాను,
వారం కూలిలో రెండొందలు కోశారు.
అయిదో తోటలో ఏం చేశానో ఇక్కడ చెప్పను.
మంచివాణ్ణయిపోయానని మాత్రం అనుకోకండి.

వాడి పీచుతాడు మేకుకి వేలాడుతోంది,
మూడు ముళ్ళతో.
పదహారు దాకా నా గొంతు బాగానే వస్తుంది.
ఆ తర్వాతే, ఎంత పెద్ద తోటలోనైనా,
ఎక్కడో ఒక పంటి సందులోంచి
సన్నగా గాలి.