ముప్పై ఏడో బిళ్ళ

దామలచెరువు మండీలో లెక్క ఇట్లుంటుంది:
ఒక క్రేటు మోస్తే ఒక ఇత్తడి బిళ్ళ,
నడిమధ్య బొక్క, బొక్కలో దారం, దారం నడుముకి.
పొద్దుగూకినాక వజ్రవేలు గుమాస్తా ముందర
ముడి విప్పి పోస్తే
గలగలమన్నదంతా కూలి.

ఆ బేస్తవారం నా దారం తెగింది.
తోతాపురి తొక్కలు, రసం, ఈగలు,
వాటిలో మోకాళ్ళ మీద పాకి ఏరుకున్నా.
ముప్పై ఆరు.
మోసింది ముప్పై ఏడు. నా మెడకు తెలుసు.
నాతో వంగి ఏరింది మొగిలమ్మ ఒక్కతే.
నేనేమన్నానో ఇక్కడ చెప్పను.
ఆమె కొంగు దులిపి చూపించింది,
నడుముచుట్టు విప్పి చూపించింది, అంతమంది మొగోళ్ళ ముందర,
ఒక్క మాటా అనకుండా.

శనివారానికి రస్కు తిండి మానేసింది.
టీ అంగడి రస్కుముక్క కోసం వచ్చి
మండీలోనే నిలిచిపోయిన కుక్క. రంగూ అదే.
కక్కుతుంది, ఉత్త నురగ.
ముందుకాళ్ళు చాపి, నడుము పైకెత్తి,
ఎవరికో మొక్కుతున్నట్టు నిలబడుతుంది.
టెంక మింగుంటుందన్నారు అందరూ.
మామిడికాలంలో ఇంకేం మింగుతుంది?
ఉప్పునీళ్ళు తాపమని ఒకరు,
ఆముదానికి జారిపోతుందని ఒకరు,
గొంతులో వేలు పెడితే చాలని అరటిపండ్ల బండాయన.
"కుక్కకి ఇనుమైనా అరుగుతుంది పోండి"
తలెత్తకుండా వజ్రవేలు.

ఉప్పు పిడికిలి నిండా తీసుకున్నా కూడా.
చెయ్యి పట్టుకునింది మొగిలమ్మ,
రెండు దినాలుగా నా నీడ కూడా తొక్కని మనిషి.
"మా మేకకి ఇట్లనే పోసినాం.
నీళ్ళు ఊపిరిలోకి పోయినాయి."
అంతే అనింది.

ఏకాంబరం ఆటో. పాకాల, చంద్రగిరి,
దూరంగా కొండదారి దీపాలు.
రస్కు తల ఆమె ఒళ్ళో, తోక నా ఒళ్ళో,
మాకిద్దరికీ నడుమ కుక్కంత ఎడం.
నా పిడికిట్లో ఎండిన టెంక ఒకటి,
డాక్టరుకి చూపిద్దామని.

తిరుపతిలో పశువుల ఆసుపత్రి, రాత్రి డ్యూటీ,
చిన్నపిల్ల డాక్టరు, చెప్పుల నిండా ఎవరి ఆవుదో పేడ.
ఎప్పుడు మింగింది? కళ్ళారా చూసినారా?
ఎన్నిసార్లు కక్కింది? ఏమన్నా తాపినారా?
లేదంటే "బతికించినారు" అనింది.
మొక్కుతున్నట్టు వంగుతుందమ్మా అంటే
"అది మొక్కు కాదు, కడుపునొప్పి.
ఇంకోసారి ఇట్లయితే కక్కించొద్దు, తిండి పెట్టొద్దు,
వెనక దారమేదన్నా వేలాడినా లాగొద్దు, లోపల పేగు తెగుతుంది.
రేపు చూద్దామనొద్దు. ఎత్తుకొని రండి."

లైటు ముందర నల్లరేకు పట్టుకునింది.
పక్కటెముకలు దువ్వెనపండ్ల మాదిరి, వాటి వెనక
తెల్లగా, గుండ్రంగా, నడిమధ్య బొక్కతో
పున్నమి చంద్రుడికి ఎవరో మేకు దిగ్గొట్టినట్టు.

"ఇది టెంక కాదు" అనింది డాక్టరు.
"ఇట్లాంటిదే ఇంకోటి ఉందా? కొలత కావాలి."

మొగిలమ్మ నా తట్టు చూడలేదు.
ఆ దినం కూలి ఇంకా తీసుకోలేదు గదా,
నడుము దారం విప్పి
ఒక బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

బయట మెట్ల మీద ఇద్దరం. తెల్లారుతా ఉంది.
లోపల మత్తిచ్చి గొట్టం దించుతున్నారు.
నేను నోరు తెరిచినా. మూసినా. మళ్ళీ తెరిచినా.

"ముప్పై ఏడే" అనింది ఆమె, టీ ఊదుకుంటా.
"నీ వెనకాలే గదా మోస్తా ఉన్నింది. నేనూ ఎంచినా."

లోపల స్టీలు గిన్నెలో ఏదో ఠంగుమనింది.
టీ గొంతులోనే ఆగింది నాకు.
టెంక ఇంకా పిడికిట్లోనే ఉంది,
ఎక్కడ పారెయ్యాలో తెలీలేదు.