పందొమ్మిది సెకన్లు

అజ్మాన్ కోర్టు, రెండో అంతస్తు. ఏసీ చలికి
చున్నీ రెండు చుట్లు చుట్టుకుని
ప్రమాణం చేశాను:
విన్నది విన్నట్టు చెబుతాను, కలపను, తీయను.

క్లర్కు మీట నొక్కాడు.
పందొమ్మిది సెకన్ల గొంతు. వెనకాల మిక్సర్ రొద,
ఎవరిదో దగ్గు, ఆ తర్వాత మా ఆర్మూరు యాస:
"ఐదు నెల్లాయె. గీ సత్తిరాజు మా కడుపు గొట్టిండు.
అందరు యాదుంచుకోండ్రి."
ఆ యాస ఇరవై రెండేళ్లుగా నేను
ఇంట్లో, అదీ కోపమొస్తేనే, మాట్లాడతాను.

క్యాంపు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు దాన్ని
గంగరాజం, సెంట్రింగ్ మేస్త్రీ.
నలభై ముగ్గురిలో ఒకడు సత్తిరాజేనని
మరిచిపోయాడు.

సత్తిరాజుది రాజోలు. ఇస్త్రీ చొక్కా, ఫిర్యాదుదారుల బెంచీ.
ఆయనకి అనువాదం అక్కర్లేదు.
ఆ గదిలో ఆ మాట తగిలింది
మా ముగ్గురికే.

మొదట ఉన్నదున్నట్టు చెప్పాను:
మా పొట్టల మీద కొట్టాడు, అని.
న్యాయమూర్తి కళ్లజోడు తీశారు.
ఎవరి పొట్ట? ఎప్పుడు? వైద్య పత్రం ఉందా?
వకీలు కాగితాలు వెతికాడు, పాపం, నిజంగానే.
గంగరాజం నా వైపు చూశాడు
మట్టం తప్పిన పలకని చూసినట్టు.

అక్కడితో ఆగిపోవచ్చు.
దెబ్బ లేదు, గాయం లేదు, అర్థం లేని మాట,
కేసు గాలికి తేలిపోయేదేమో.
కానీ తీయను అన్నాను కదా.
అది నుడికారం, అయ్యా, అన్నాను.
అరబ్బీలో దానికి సరిగ్గా సరిపోయే మాట
ఒకటుంది. లేకపోయినా బాగుండేది.
ఖతఅ రిజ్ఖనా.
మా బతుకుతెరువు తెంచాడు.

రాసుకునే గుమాస్తా కలం ఆగింది.
మెడలు తెంచినా తెంచండి గాని
బతుకుతెరువు తెంచొద్దని సామెత ఉన్న భాష అది.
సత్తిరాజు కూడా ఉలిక్కిపడ్డాడు,
తన మీద పడ్డది అంత పెద్ద మాటని
అప్పుడే తెలిసినట్టు.
(ఆయనకీ మూడు నెలల జీతం రావాలని
తర్వాత ఎవరో చెప్పారు.)
ఎంత బాగా చెప్పానో
అంత బరువెక్కింది నేరం.

నిజమేనా అని ఎవరూ అడగలేదు.
నిజం వేరే ఫైలు. జీతాల కేసుకి వేరే భవనం, వేరే నంబరు,
వచ్చే నెల పద్నాలుగు.
ఇక్కడ అడిగింది రెండే:
గొంతు నీదేనా? పంపింది నీ ఫోన్లోంచేనా?
"నాదే సారూ," అన్నాడు, "ఇంకెవనిది?"

వారం తర్వాత తీర్పు.
మూడు వేల దిర్హాములు. ఫోను స్వాధీనం.
ఆ మాటలు ఎక్కడున్నా చెరిపేయాలి.
నాలుగు పేజీలు. పేజీకి యాభై చొప్పున
తెలుగులోకి దించింది నేనే.
మూడో పేజీలో, చెరిపేయాల్సిన మాట
చెక్కుచెదరకుండా ఉంది, ముద్దాయి అన్నట్టుగా.
"బతుకుతెరువు తెంచాడు" అని రాసి, కొట్టేసి,
"కడుపు గొట్టిండు" అని రాశాను.
దాని మీద నా స్టాంపు, నీలం సిరా, తేదీ.
దాన్ని ఇక ఎవరు చెరుపుతారు?

వరండాలో కాగితాలు అందుకుంటూ
గంగరాజం గొంతు తగ్గించాడు:
"అక్కా, అరబ్బీల ఎట్లన్నవ్?
ఒక్కసారి మల్ల చెప్పరాదు."

గోడ మీద కెమెరా ఉంది.
చెప్పులు చూసుకుంటూ చెప్పాను.
రెండుసార్లు తప్పు పలికాడు, ఖ గొంతులోకి దిగలేదు.
మూడోసారి దిగింది.
లిఫ్టు దగ్గర గార్డు
తల తిప్పాడు.