పదహారు సార్లు

కువోపియోలో ఫిబ్రవరి.
బయట మంచు ఊరి నోరు నొక్కేసింది.
నేలమాళిగలో నలుగురం, రెండు స్పీకర్లు, ఒక తెర.
తెర వెనక స్విచ్చు పట్టుకుని నేను.

వెయ్యో సంగీతమంటే చెవి కోసుకునే మనిషి.
ఒక్క వైరు మీదే పడవ ఖరీదు పోశాడు.
(ఆ పడవ సంగతి వాళ్లావిడ ఇప్పటికీ అడుగుతుంది.)
"సీడీ అంటే కిటికీ అద్దంలోంచి సరస్సు.
పెద్ద ఫైలంటే అద్దం తీసేసినట్టు" అంటాడు.
సనెల్మా నలభై ఏళ్లు చర్చి బృందంలో
కింది స్థాయి పాడిన మనిషి.
"అద్దం తీస్తే చలేస్తుంది" అంటుంది.

పాట ఒకటే.
పోయిన ఆగస్టు రాత్రి చెక్క చర్చిలో
వాళ్ల బృందం పాడుతుంటే నేను పట్టింది,
సెకనుకు లక్షా తొంభై రెండు వేల సార్లు గాలిని కొలిచి.
అందులోంచే ఒక చిన్న ఫైలు చేశాను,
నలభై నాలుగు వేల వంద కొలతలది.
ఏది ఎప్పుడు మోగాలో కంప్యూటరు పాచికలేస్తుంది.
నాకూ తెలియదు.

మొదటి విడత: వెయ్యోకి పదహారింట పదిహేను.
అరచేతులు రుద్దుకున్నాడు, పందెం కోడిని గెలిపించినవాడిలా.
నాకెందుకో అనుమానం.
ఈసారి చెవి స్పీకరుకి కాదు, స్విచ్చుకి పెట్టాను.
పెద్ద ఫైలుకి మారేటప్పుడు "టిక్".
చిన్నదానికి "టక్".
మనిషి నిజంగానే విన్నాడు, గొప్ప చెవే.
విన్నది పాటని కాదు, అంతే.

పెట్టెని ఉన్ని కోటులో చుట్టి పక్కగదిలో పెట్టాను.
రెండో విడతలో తప్పు నాది.
చిన్నదాని గొంతు వెంట్రుకవాసి హెచ్చుందని చూసుకోలేదు.
అందరూ దాన్నే పెద్దదన్నారు, ఒక్క మాటగా.
"లోతు" అన్నారు.
"గాలాడుతోంది" అన్నారు.
సనెల్మాకైతే కళ్లు చెమర్చాయి కూడా.

సమం చేశాను.
మూడో విడత. చీమ చిటుక్కుమనలేదు.
వెయ్యో ఎనిమిది.
సనెల్మా ఏడు.
ఆమె మనవరాలు ఐలీ, పదిహేడేళ్లది,
దోమ ఏ గోడ మీద వాలిందో చెప్పగల పిల్ల: తొమ్మిది.
నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ రాసుకున్నా అంతే వచ్చేది.

వెయ్యో చాలాసేపు తన బూట్ల వంకే చూశాడు.
మంచు కరిగి వాటి చుట్టూ చిన్న మడుగు.
"మరి ఇన్నేళ్లూ నేను విన్నదేమిటి?"
ఎవరమూ బదులివ్వలేదు.
సనెల్మా ఫ్లాస్కు మూత తిప్పి
అడక్కుండానే అతనికి కాఫీ పోసింది.

ఐలీయే అంది:
"పెద్దదాంట్లో ఎక్కువగా ఉన్నది ఏదో ఉండాలిగా. అదేదీ?"

గీతలు తెరిచి చూపించాను.
అట్టడుగున దట్టంగా పాట.
చాలా పైన, ఏ మనిషి గొంతూ అందని ఎత్తులో,
చుక్కలు, చుక్కలు,
కుట్టు మిషను సూది దిగినట్టు వరసగా.
"నీ మైకు రొద" అన్నాడు వెయ్యో.
పది రెట్లు నెమ్మది చేశాను.
పాట పాతాళానికి జారి పశువు మూలుగైంది.
దాని మీద
టప్. టప్. టప్.
టపటపటప టిర్ర్‌ర్...

"గబ్బిలాలు" అంది ఐలీ.

గంటగూట్లోంచి దిగి
పురుగుల వేటలో తిరిగాయి కాబోలు.
కింద వాళ్లు దేవుణ్ణి పిలుస్తుంటే
తలల మీదుగా ఇవి
కేకలేసి కేకలేసి చీకట్లో గోడలు వెతుక్కున్నాయి.
అంత గోలలో, మేమందరం నిశ్శబ్దమనుకున్న
ఆ రెండు చరణాల మధ్య ఖాళీలో కూడా.

"మూడో చరణంలో నా జుట్టుకేదో తగిలింది,"
సనెల్మా కప్పులోకి చూస్తూ అంది.
"నలుగురిలో అరవకూడదని ఊరుకున్నా."

వెయ్యో ఫైలు కావాలన్నాడు.
పెద్దదే.
"వినపడదుగా" అన్నాను.
"వినపడదు." కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.
"ఉంటుందిగా."

మెట్లెక్కి, తలుపు సగం తీసి,
చలిని లోపలికి వదులుతూ వెనక్కి తిరిగాడు:
"ఆ వైరు ఎవరైనా కొంటారంటావా?"