పట్టే చోటు

ఎక్కడ పడుతుందో తెలియడం లేదంది ఫిక్రెతా.
వ్రాత్నిక్ ఎత్తులో నిన్న
రొట్టెల బండి మీదికి వెనక్కి జారిందట.

నొక్కి చూశాను. తడిసిన పరుపు.
అరిగిన ప్లాస్టిక్ బుష్ తీసి కంచుది వేశాను,
కేబుల్ తొడుగులోకి నూనె చుక్కలు
రెండు కాఫీలు చల్లారేదాకా.
ఇప్పుడు క్లచ్ పట్టే చోటు
బియ్యంలో రాయిలా తగిలింది నాకు.

ఆమె తొక్కింది. తల అడ్డంగా ఊపింది.

మేజోడు విప్పమన్నాను.
బొటనవేలి కింద కాలిన మచ్చ,
ఎప్పుడు కాలిందో ఆమెకే తెలీదు.
"షుగరు" అంది,
పక్కింటి పిల్లాడి అల్లరి చెప్పినట్టు.

మళ్ళీ డాష్ కింద దూరాను.
గట్టి స్ప్రింగు. పట్టు రెండు వేళ్ళు పైకి.
పాదం చెప్పకపోతే మోకాలు చెబుతుంది.

సాయంత్రం సరాయెవో దీపాల పైన
వాలు మధ్యలో ఎర్ర గోల్ఫ్ ఆగింది.

షెడ్డులో నా ఎడమకాలు
ఉత్తి నేలని
మెల్లగా వదులుతోంది.