ఇరవై గుర్రాల మోటరు

సువైక్ దాటినంక, సముద్రం దిక్కు తోటల
కాలిపోయిన మోటరు ఇప్పుతున్న.
బిళ్ళ మీద రాసున్నది: ఇరవై హార్స్‌పవర్.
"ఇరవై గుర్రాలా?" అన్నడు ఖల్ఫాన్ ముసలాయన.
"మా తాత నాటినుంచి ఈ తోటల
ఒక్క గుర్రం కాలు పెట్టలె.
గుర్రం పందేనికి, పెండ్లికి.
బావికి గుర్రాన్ని ఎవడన్న కడ్తడా?"

నిజమే.
మెట్‌పల్లిల నేను గూడ
గుర్రాన్ని బరాత్‌లనే చూసిన,
బ్యాండు చప్పుడుకు బెదిరి, కండ్లు తేలేసి.
నీళ్ళు తోడే గుర్రం
ఇనుప బిళ్ళల మీద తప్ప యాడా కనబడలె.

స్పానరు కింద పెట్టుమని, చెయ్యి వట్టుకొని తోల్కపోయిండు.
ఖర్జూరాల ఎనుక పాత బావి.
రెండు మొద్దులు ఎత్తుగ నాటి,
నడ్మ రేగుకట్టె గిర్క,
ఒక పక్క చెదలు తిన్న రొట్టె లెక్క.
"జైజ్రా" అన్నడాయన.
"మోట" అన్న నేను.
ఒకల మాట ఒకలకు రాలె,
గని గిర్క ముంగట పల్లం దిగే బాట చూసినంక
ఇద్దరికీ ఎద్దు కనబడ్డది.

అదే వాలు.
ఎద్దు దిగుతె తోలు బొక్కెన పైకి,
ఎద్దు ఎనుకకు నడుస్తె బొక్కెన లోతుకు.
మా మేనమామ దుర్గయ్య మోకు మీద కూసొని
ఆ వాలెంబడి జారుతుండె.
వానలు వడేదాక ఎన్ని కోసులు పోయిండో,
ఊరి పొలిమేర దాటకుంటనే.

గిర్కకు కందెన పెట్టకపోదురట ఇక్కడ.
రాత్రంత అది ఏడ్వాలె.
ఏడుపు ఆగిందా, తండ్రికి మెలకువ:
ఎద్దన్న నిలబడ్డది, తోలే పోరడన్న పండుకున్నడు.
ఆ పోరడు ఈయననే.
వీపు చూపెట్టి నవ్విండు,
ఎన్కటి బెత్తం ఇంకా ఆడనే ఉన్నట్టు.

ఎద్దు పేరు సుహైల్.
ఎండు చేపలు తింటుండెనట.
చేపలు తినే ఎద్దా! నేను నమ్మలె.
"సముద్రం ఒడ్డు ఎద్దు మరేం తింటది?" అన్నడు.

ఒకనాడు పడవల డీజిల్ ఇంజను దిగింది.
ఊరు ఊరంత చూడవోయింది.
సుహైల్‌ను ఇడిచిపెట్టి ఇంజను తిప్పితె
అది దగ్గుకుంట, పొగ కక్కుకుంట నీళ్ళు పోసింది.
ఎద్దు మాత్రం పొద్దుగాల్నే వచ్చి
వాలు దిగిందట. ఎక్కిందట.
మెడల తాడు లేదు, ఎనుక బొక్కెన లేదు.
మూడు దినాలు అట్లనే.
నాలుగోనాడు దాన్ని అమ్మేసిన్రు.
ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన నన్ను చూడలె.

అటెనుక కరెంటు. ఐదు. పది. గిప్పుడు ఇరవై.
బిళ్ళ మీద గుర్రాలు పెరిగినకొద్ది
పైపులు భూమిలకు దిగినయ్.

"ఎద్దుకు అలుపొచ్చేది" అన్నడు.
"అది పండుకుంటె బావి గూడ పండుకునేది.
తెల్లారేసరికి ఊట నిండేది.
నీ గుర్రాలకు అలుపే లేదు గద."

నేనేమంట?
వాటికి అలుపు రాకుంట చూసుడే నా కొలువు,
నెలకు నూట పది రియాళ్ళు.

గిన్నెల నీళ్ళు పట్టి తాగుమన్నడు.
ఉప్పు.
మనం తోడిన జాగ ఖాళీగ ఉన్నదని
సముద్రం మట్టి కిందికెల్లి నడిచొచ్చి
ఆడ కూసున్నది.
తోట అంచుకు చెట్లు
ఆకుల కొసల నుంచి మాడుతున్నయ్.

పొద్దు గూకేదాక కాయిల్ చుట్టిన, బేరింగులు మార్చిన.
బటన్ వత్తితె మెత్తగ తిరిగింది,
తేనెటీగంత చప్పుడు.
ముసలాయన చెవి పెట్టి ఇన్నడు.
"ఏడుస్తలేదు" అన్నడు, తప్పు వట్టినట్టు.
జరసేపాగి అడిగిండు:
"దీనికి అలుపు వచ్చేటట్టు చెయ్యొస్తదా?"

వస్తది.
డబ్బల ఒక టైమర్ ఉండె.
రెండు గంటలు నడుపు, నాలుగు గంటలు ఆపు.
గోడకు బిగిచ్చిన.

కంపెనీ కాయితం మీద ఒక గడి ఉంటది:
టైమర్ ఎందుకు పెట్టినవ్?
ఎద్దు కోసం అంటె సూపర్‌వైజర్ నవ్వుతడు.
పెన్ను పట్టుకొని బండిల శానసేపు కూసున్న.
ఓవర్‌లోడ్, అని రాసిన.