పోనీ

ఆర్నెల్ల జీతం బాకీ కింద
మేనేజరు గారు ఈ పాత ఇండికా రాసిచ్చేశారు.
వెనక తలుపులు లోపల్నించి తెరుచుకోవు.
వాళ్ల బుడ్డోడి కోసం లాకు వేసింది నేనే,
తర్వాత మీట విరిగింది.

ఇరవై రెండేళ్లు ఈ డెల్టా అంతా మనుషుల్ని తిప్పాను.
కంట్రాక్టరు గారు, కళ్ల డాక్టరమ్మ,
చివరికి రొయ్యల మేత కంపెనీ.
బ్రేకు మీద కాలు పడితే చాలు
వెనకనించి ఒకటే మాట: పోనీ.

ఇవాళ ఎవరూ లేరు.
తెల్లారగట్ల కడియం దాకా వచ్చి ఆపాను.
పనేం లేదు. ఆపడానికే ఆపాను.

నర్సరీ గేటు దగ్గర ఆకుపచ్చ ఏనుగు.
తొండం కొసన కొత్త చిగురేస్తే
కత్తెర పట్టుకుని కుర్రాడు స్టూలెక్కాడు.
"వారం ఊరుకుంటే ఇది ఏనుగన్న సంగతి
మర్చిపోద్దండి" అన్నాడు.
ఎన్ని వందలసార్లు దీని ముందునించి వెళ్లానో.
ముట్టుకుంటే గుచ్చుకుంది.

ద్రాక్షారామం దాటాక, మలుపులో,
గుడ్డ కప్పిన విగ్రహం.
మెడ చుట్టూ నవారు బిగించి కట్టారు.
ఎవరండీ ఈయన, అని ముంజలమ్మే ఆవిణ్ణడిగాను.
"తెలీదు నాయనా. పెట్టి మూడేళ్లయింది.
తెర తియ్యాల్సినాయన పార్టీ మారాడంట."
చెయ్యి మాత్రం గుడ్డ చించుకుని పైకి లేచింది
వేలు చూపిస్తా.
అటే పోనిచ్చాను.

యానాంలో ఇనప టవరు.
పారిసులో దీనికి పెద్దక్క ఉందంటారు.
నీడలో వల కుట్టుకుంటున్న ముసలాయన్ని
ఎప్పుడన్నా ఎక్కారా అంటే,
"ఎక్కి చూసేదేంటండీ,
అక్కణ్ణించి కనపడేది మా ఇల్లేగా."

ఎదుర్లంక వంతెన దిగాక
సిమెంటు రొయ్య, లారీ అంత.
హేచరీ ఎత్తేశారు, రొయ్య మిగిలింది.
ఒక మీసం విరిగి ఊచ బయటపడింది,
రెండో మీసానికి ఎవరిదో లుంగీ ఆరేసుంది.
పొట్ట మీద మా కంపెనీ పేరు, సగం చెరిగి.
దాని నీడలోనే కూర్చుని
దిబ్బరొట్టి పానకంలో ముంచుకు తిన్నాను.
నా ఆర్నెల్లూ తినేసింది ఇదే కదా
అని ఒకసారి చూశాను దాని మొహంలోకి.
పోనీ.

గన్నవరం దగ్గర నది మీంచి కాలవ వెళ్తుంది.
కింద వైనతేయ, పైన ఇది, ఎవరి దారి వాళ్లది,
పలకరింపుల్లేవు.
నేనూ మేనేజరు గారూ లాగ.

రాజోలు రోడ్డులో, చక్రాల్లేని బస్సులో టిఫిను హోటలు.
ఎక్కబోతుంటే గల్లా దగ్గరాయన
"ముందుకి జరగాలండీ, ముందుకి" అన్నాడు.
బస్సులో నేనొక్కణ్ణే.

సఖినేటిపల్లి రేవులో పొద్దు వాలింది.
పంటు మీద ఒక్కటే కారు, నాది.
ఎనిమిది మోటారు సైకిళ్లు, పెళ్లి బ్యాండు డప్పొకటి,
తాడు నములుతున్న మేక.
హ్యాండు బ్రేకు లాగాను. ఇంజను ఆపాను.
దిగి, చుట్టూ ఒకసారి చూసి,
వెనక తలుపు తీసుకుని ఎక్కాను.

మెత్తగా ఉందండి, ఆయ్. మోకాళ్లకి చోటుంది.
ముందు సీటు వీపు నిండా చిన్న బూట్ల మచ్చలు.
నా నడుముకి ఎప్పట్నించో తెలిసిన తన్నులు
ఇవాళ కంటికి కనపడ్డాయి.
అద్దంలో ఎవరిదో నెరిసిన గడ్డం.

తలుపేసుకుని, నెమ్మదిగా,
మేకకి కూడా వినపడకుండా అన్నాను:
పోనీ.

కదిలింది.

చక్రం తిరక్కుండా, గేరు పడకుండా
వశిష్ఠ మీద పోతోంది బండి.
నర్సాపురం దీపాలు వాటంతటవే దగ్గరికొచ్చాయి.

రేవు తగిలాక గానీ గుర్తు రాలేదు లాకు.
అద్దాలూ దిగవు. ముందుకి దూకే వయసూ కాదు.
టకటకా కొట్టాను.
చీటీల కుర్రాడు పరిగెత్తుకొచ్చి
తలుపు తీసి, పక్కకి తప్పుకుని నించుని,
ముందు సీటు కేసి చూసి అడిగాడు:

"డ్రైవరేడండీ?"