మామూలు గడ్డి

లీట్రిమ్‌లో వానకు సెలవుల్లేవు.
అయినా అక్టోబర్‌కి గడ్డి వాడుతుంది;
అట్రాక్టా ఇంటి వెనక మాత్రం
బారెడు చారొకటి నవనవలాడుతోంది.
"చూశావా ఫింటన్, చిటికెడు ఎరువెయ్యలేదు"
అంది, గర్వంగా.
బూటుతో తొక్కాను. చితచితమంది.

స్నానం నీళ్ళు దిగేలోపు
ఈమధ్య జపమాల ఒక చుట్టు పూర్తవుతోందట.
మేడమీద ఫ్లష్ లాగితే
కింద వంటింటి సింకు గుడగుడమంటోందట.
"ముసలి కొంప. గొణుక్కుంటుంది" అంది.
వాన వెలిశాక వచ్చే వాసన
పక్క పొలం పేడదనుకుంది.

మూత పక్కకి జరిపి
పాత తువ్వాలు చుట్టిన కర్ర దించాను.
పైకి తీస్తే
మూడొంతుల్లో రెండొంతులు నల్లగా, మడ్డి.
చివరిసారి ఎప్పుడు తోడించారు?

జవాబు చెప్పకుండా లోపలికెళ్ళి
చీపుళ్ళ అల్మరా తెరిచింది.
తలుపు వెనక పెన్సిల్ తేదీలు,
మలాకీ ముక్కుతాడేసినట్టు రాసే వంకర అంకెలు:
మూడేళ్ళకొకటి, మూడేళ్ళకొకటి,
మళ్ళీ మూడేళ్ళకొకటి,
ఆ కింద
వట్టి చెక్క.

ట్యాంకర్ గొట్టం గుర్రుపెడుతున్నంతసేపూ
ఆవిడ డ్రాయర్లన్నీ లాగి పెన్సిల్ వెతికింది.
దొరికింది బొగ్గుముక్క. దాంతోనే
ఇవాళ్టి తేదీ వేసింది,
ఆయనకంటే పెద్ద అక్షరాల్లో.

"మరి ఆ గడ్డి?"
మామూలు గడ్డయిపోతుందన్నాను.
చేతులు తుడుచుకుంటూ కాసేపు దానివైపే చూసింది.
"టీ తాగుతావా?"